రెండో అవకాశం ఎవరికి?

ప్రతి ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటాం. వారం తిరిగేసరికి మార్చి 8 వస్తుంది. ఈ రెండు సభల్లోనూ వేదిక మీది పెద్దలు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: ‘‘సైన్సుకు ఆడా మగా తేడా లేదు. ప్రతిభ ఉంటే ఎవరినీ ఎవరూ ఆపలేరు.’’ వినడానికి ఇంపైన మాటే. చప్పట్లు కూడా పడతాయి. కానీ ఈ మాటలో ఒక నింద దాగి ఉంది. ఎవరూ ఆపలేరన్నప్పుడు, ఆగిపోయిన స్త్రీ తన లోపం వల్లే ఆగిపోయిందని అర్థం వస్తుంది. ఆమెకు పట్టుదల లేదనడానికీ, పెళ్ళీ పిల్లలూ రాగానే చదువును అటకెక్కించిందనడానికీ ఈ ‘ప్రతిభ’ సిద్ధాంతమే ఆధారం. మహిళా సంఘాల్లో పనిచేసే మనం కూడా ఈ మాటను ప్రశ్నించకుండా వదిలేస్తున్నాం. సైన్సు మన రంగం కాదనుకుని ఊరుకుంటున్నాం.

ఈ సిద్ధాంతాన్ని దాని సొంత గడ్డ మీదే పరీక్షించి చూద్దాం. అందుకు పురాతన శిలల్లోని అయస్కాంతత్వాన్ని చదివే శాస్త్రాన్ని తీసుకుంటున్నాను. ఇంత మారుమూల విషయం మనకెందుకని అనిపించవచ్చు. మన దక్కను రాళ్ళు ఈ శాస్త్ర చరిత్రలో ముఖ్యమైన సాక్ష్యం. అంతకన్నా ముఖ్యంగా, ఈ రంగంలో గొప్పవాడనిపించుకున్న ఒక శాస్త్రవేత్త జీవితాన్ని కాస్త నిదానంగా చదివితే ప్రతిభ కథ గుట్టు దానంతటదే బయటపడుతుంది.

ముందు ఆ శాస్త్రం సంగతి. లావా చల్లారి రాయిగా మారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం ఏ దిశలో ఉందో ఆ దిశను తమలో నిలుపుకుంటాయి. మాగ్నటైట్ అనే ఖనిజం 580 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చల్లబడినప్పుడు ఈ ముద్ర పడుతుంది. పరిస్థితులు అనుకూలిస్తే కోట్ల ఏళ్ళు నిలిచి ఉంటుంది. స్వేచ్ఛగా వేలాడే అయస్కాంత సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ నిలువుకు వాలుతుంది. కాబట్టి రాతిలో దాగిన ఆ వాలును కొలిస్తే, ఆ రాయి పుట్టినప్పుడు ఏ అక్షాంశం మీద ఉందో లెక్కకట్టవచ్చు. ఖండాలు కదిలాయన్న వాదనకు 1950లలో బలమైన రుజువు ఇచ్చింది ఈ లెక్కే.

ఆ రుజువు తెచ్చినవారిలో టెడ్ ఇర్వింగ్ ముఖ్యుడు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో 1927లో పుట్టాడు. సైన్యంలో పనిచేసి వచ్చి 1948లో కేంబ్రిడ్జిలో భూవిజ్ఞాన శాస్త్రం చదవడానికి చేరాడు. 1951లో కీత్ రన్‌కార్న్ దగ్గర పరిశోధన మొదలుపెట్టాడు. స్కాట్లాండులోని టొరిడోనియన్ ఇసుకరాళ్ళతో పాటు మన దక్కను లావా రాళ్ళను కూడా కొలిచాడు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి ఆ రాళ్ళు భారత భూభాగం ఒకప్పుడు దక్షిణార్ధగోళంలో ఉండేదని, వేల కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి వచ్చిందని చెప్పాయి. పశ్చిమ కనుమల నుంచి మన తాండూరు, ఆదిలాబాదు ప్రాంతాల దాకా పరుచుకున్నది, రాజమండ్రి దగ్గర మళ్ళీ పైకి కనిపించేది ఈ లావాయే.

ఇప్పుడు అసలు విషయం. ఇంత పని చేసిన ఇర్వింగ్‌కు 1954లో కేంబ్రిడ్జి డాక్టరేట్ ఇవ్వలేదు. సిద్ధాంత గ్రంథం పరీక్షలో తప్పింది. ఆ శాస్త్రం అప్పుడే పుట్టింది, దాన్ని తూచగలవాళ్ళు అక్కడ దాదాపు లేరు. మరి అతని జీవితం అక్కడితో ముగిసిందా? లేదు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో జాన్ జేగర్ అనే ప్రొఫెసర్ అతన్ని రీసెర్చ్ ఫెలోగా తీసుకున్నాడు. 1954 చివరికల్లా ఇర్వింగ్ అక్కడ ఉన్నాడు. సుమారు పదేళ్ళు రాళ్ళు తవ్వుకుంటూ, కొలుచుకుంటూ, పత్రాలు రాసుకుంటూ గడిపాడు. 1964లో ఈ శాస్త్రం మీద ప్రామాణిక గ్రంథం ప్రచురించాడు. డాక్టరేట్ నిరాకరించిన కేంబ్రిడ్జే ఆ పత్రాలు చూసి తర్వాత అంతకంటే పెద్ద డిగ్రీ ఇచ్చింది. కెనడాకు వెళ్ళాడు. 1979లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 2005లో లండన్ జియలాజికల్ సొసైటీ వారి వొలాస్టన్ పతకం అందుకున్నాడు. 2014లో చనిపోయాడు.

ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన లెక్క సరైనదే, కేంబ్రిడ్జి నిర్ణయమే తప్పు. నేను చూడమనేది మరొకటి. ప్రతిభావంతుడు పరీక్షలో తప్పినప్పుడు అతన్ని నిలబెట్టినది ప్రతిభ ఒక్కటే కాదు. డిగ్రీ లేకపోయినా ‘‘రా, పని చెయ్యి’’ అన్న ఒక పెద్దమనిషి, జీతం ఇచ్చిన ఒక సంస్థ, మరో ఖండానికి మూట కట్టుకుని వెళ్ళగల స్వేచ్ఛ, కొండల్లో నెలల తరబడి తిరిగినా ఎవరూ వేలెత్తి చూపని సమాజం కలిసి నిలబెట్టాయి. దీన్ని నేను రెండో అవకాశం అంటున్నాను. కెరీర్ అని మనం గౌరవంగా పిలిచేదాన్ని దగ్గరగా చూస్తే, వరసగా దక్కిన రెండో అవకాశాలే అందులో ఎక్కువ భాగం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే. 1954లో ఆ సిద్ధాంత గ్రంథం ఒక స్త్రీది అయి ఉంటే ఏమయ్యేది?

ఊహించుకోమని అడగడం లేదు. ఆనాటి నియమాలే జవాబు చెబుతాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి స్థాయి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది ఇర్వింగ్ చేరిన 1948లోనే. అంతకుముందు దశాబ్దాలుగా అక్కడ చదివిన స్త్రీలు పరీక్షలు రాశారు, నెగ్గారు, కానీ పూర్తి డిగ్రీ వాళ్ళది కాదు. ఇర్వింగ్‌కు ఆశ్రయమిచ్చిన కాన్‌బెర్రా నగరంలో, ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ సర్వీసులో పెళ్ళయిన స్త్రీ పర్మనెంట్ ఉద్యోగం వదులుకోవాలన్న నిబంధన 1966 దాకా అమల్లో ఉంది. ఒకే నగరం, ఒకే దశాబ్దం. డాక్టరేట్ తప్పిన పురుషుడికి తలుపు తెరుచుకుంది. పక్క వీధిలోని సర్కారీ ఆఫీసులో ఏ తప్పూ చేయని స్త్రీకి పెళ్ళి చేసుకున్నందుకు తలుపు మూసుకుంది. ఇందులో ప్రతిభ ప్రస్తావన ఎక్కడుంది?

మనం విదేశాలను ఆడిపోసుకోనక్కర్లేదు. మన విదేశాంగ సర్వీసులో స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనను సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టులో సవాలు చేసింది 1979లో. ఎయిర్ ఇండియాలో మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది 1981లో.

మళ్ళీ రాళ్ళ దగ్గరికి వద్దాం. 1950లలో ఈ రంగంలో స్త్రీలు లేరా? ఉన్నారు. నోబెల్ బహుమతి పొందిన పాట్రిక్ బ్లాకెట్ మాంచెస్టర్‌లో ఏర్పరచిన బృందంలో మేరీ ఆల్మండ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉంది. అంతకుముందు జోడ్రెల్ బ్యాంక్‌లో రేడియో తరంగాలతో ఉల్కలను గమనించింది. బ్రిటన్ భూభాగం 34 డిగ్రీలు తిరిగిందని, ఉత్తరానికి జరిగిందని ఇసుకరాళ్ళ అయస్కాంతత్వం ద్వారా చెప్పిన 1954 నాటి పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: క్లెగ్, ఆల్మండ్, స్టబ్స్. 1956లో టాస్మానియా డోలరైట్ రాళ్ళ మీద వచ్చిన పత్రంలో ఆల్మండ్‌ది మొదటి పేరు. ఆ పత్రంలో ఆమె సహ రచయితల్లో ఒకరు ఇర్వింగ్‌కు ఉద్యోగమిచ్చిన జేగరే. అదే 1956లో, అదే టాస్మానియా డోలరైట్ల మీద ఇర్వింగ్ కూడా పత్రం ప్రచురించాడు.

అదే రాయి. అదే సంవత్సరం. జేగర్‌తో పరిచయం ఇద్దరికీ ఉంది. ఇర్వింగ్ జీవితాన్ని ఏళ్ళవారీగా చెప్పడానికి చరిత్ర దగ్గర కావలసినంత సామగ్రి ఉంది. ఆల్మండ్ పేరు పత్రాల తలకట్టు మీద, మరో రెండు పేర్ల మధ్య నిలిచిపోయింది. ఆమెను ఎవరో తోసేశారని నేనడం లేదు. రంగంలో ఉన్న స్త్రీని తోసెయ్యాల్సిన పని కూడా లేకుండా మరిచిపోగల సౌకర్యం మన చరిత్ర రచనకు ఉందంటున్నాను. ఖండాల కదలిక కథను ఇద్దరు ముగ్గురు మగ వీరుల కథగా చెప్పుకునే అలవాటు నుంచి వచ్చిన సౌకర్యం అది.

మరచిపోవడానికి ఇంకా మర్యాదైన దారి ఒకటుంది. ఇంటిపేరు. భూ అయస్కాంత క్షేత్రం దిశ ఒక్కటే కాదు, ఆనాడు దాని బలమెంతో కూడా తెలుసుకోవాలంటే ఈనాటికీ వాడే పద్ధతి ‘తెల్యే పద్ధతి’. కాల్చిన ఇటుకను గానీ, కుండపెంకును గానీ, లావా ముక్కను గానీ అంచెలంచెలుగా వేడిచేస్తారు. ప్రతి అంచెలో అది పోగొట్టుకున్న పాత అయస్కాంతత్వాన్ని, బలం తెలిసిన క్షేత్రంలో చల్లార్చినప్పుడు అది కొత్తగా పొందిన అయస్కాంతత్వంతో పోలుస్తారు. ఎంతో ఓపిక కావలసిన పని. తొంభై పేజీలకు పైబడి సాగిన 1959 నాటి మూల పత్రం మీద రెండు పేర్లున్నాయి: ఎమిల్ తెల్యే, ఒడెట్ తెల్యే. భార్యాభర్తలు. కార్తేజ్ పురాతన బట్టీల గోడలను కొలిచి 1950ల మొదట్లో ప్రచురించిన పనిలోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కానీ ‘తెల్యే’ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆయనే. జాగ్రత్తగా రాసేవాళ్ళు ‘తెల్యే–తెల్యే’ అని రెండుసార్లు రాస్తారు. అప్పుడు కూడా చదివేవాడు అచ్చుతప్పేమో అనుకుంటాడు!

మన భాషలో ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో క్రియకు లింగం లేదు. తెలుగులో ఉంది. ‘‘ఈ పద్ధతిని తెల్యే కనిపెట్టాడు’’ అని పాఠం చెప్పిన క్షణాన ఒడెట్ తరగతి గదిలోంచి వెళ్ళిపోతుంది. ‘‘కనిపెట్టారు’’ అంటే గౌరవం కోసం అన్నామనుకుంటారు గానీ ఇద్దరనుకోరు. ‘‘తెల్యే దంపతులు’’ అంటే మళ్ళీ ఆమె ఆయన భార్యగానే వస్తుంది. ‘‘ఎమిల్, ఒడెట్ ఇద్దరూ కలిసి కనిపెట్టారు’’ అని ప్రతిసారీ పూర్తిగా చెప్పాల్సిందే. పొలం పని ఇద్దరూ చేసినా పట్టా మీద మొగుడి పేరే ఉండటం మనకు తెలిసిన సంగతే. ప్రయోగశాలలో పట్టాను పద్ధతి పేరంటారు. తేడా అంతే.

యాదృచ్ఛికమే గానీ చెప్పుకోదగ్గ విషయం మరొకటుంది. ఆ పత్రం వచ్చిన ఫ్రెంచి పత్రికలోనే, అదే 1959 సంపుటంలోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం రాసిన దక్కను లావాల అయస్కాంతత్వ పత్రం కూడా అచ్చయింది. రచయితలు డాయిష్, రాధాకృష్ణమూర్తి, సహస్రబుద్ధే. మరో రెండేళ్ళకు, 1961లో, హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఏర్పడింది. అంటే ఇది మన గడ్డ మీద దశాబ్దాలుగా నడుస్తున్న శాస్త్రం. ఇక్కడ స్త్రీల స్థానమేమిటన్న ప్రశ్న కూడా మనదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ‘‘లీసా టాక్స్ సంగతేమిటి? ఆమె స్త్రీ కాదా?’’ అని. న్యాయమైన ప్రశ్న. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో ప్రొఫెసర్‌గా పనిచేసిన లీసా టాక్స్ ఈ రంగంలో ఈనాటి అగ్రగణ్యుల్లో ఒకరు. తెల్యేల దారిలోనే ప్రాచీన క్షేత్ర బలం మీద విస్తారంగా పనిచేసింది. ఆమె రాసిన పాఠ్యగ్రంథం విద్యార్థులు చదువుతున్నారు. 2015లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైంది. చూశారా, ప్రతిభ ఉంటే ఆగదు కదా అంటారు.

ఆమె దారిని కూడా ఏళ్ళవారీగా చూద్దాం. ఆమె డిగ్రీ యేల్‌లో, 1978లో. యేల్ కాలేజీ ఆడపిల్లలను డిగ్రీలో చేర్చుకోవడం మొదలుపెట్టింది 1969లో. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన చట్టం వచ్చింది 1972లో. ఆమె డాక్టరేట్ 1983లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్ పరిశోధనాలయంలోనే 1948లో చేరిన మేరీ థార్ప్‌ను, స్త్రీ అన్న కారణంగా పరిశోధనా నౌకలు ఎక్కనివ్వలేదు. మగవాళ్ళు ఓడ మీద తెచ్చిన లోతుల లెక్కలను ఆమె బల్ల దగ్గర కూర్చుని పటంగా గీసింది. అట్లాంటిక్ సముద్ర గర్భంలోని పగులు లోయను 1952లో గుర్తించింది. సహోద్యోగి దాన్ని ఆడవాళ్ళ కబుర్లుగా కొట్టిపారేశాడు. ఆమె ఓడ ఎక్కగలిగింది 1960లలో. సముద్ర గర్భంలోని అయస్కాంత పట్టీలను కొలిచినవి ఆ కాలపు ఓడలే. ఓడ ఎక్కనివాళ్ళ చేతికి మొదటి కొలతలు రావు, కొలతలు చేతిలో లేనివాళ్ళకు పత్రం మీద మొదటి పేరూ రాదు.

అంటే థార్ప్‌కూ టాక్స్‌కూ మధ్య ఒక ఉద్యమం ఉంది, ఒక చట్టం ఉంది, తలుపులు తీసిన ఒక తరం పోరాటం ఉంది. పాకిస్తాన్‌లోని శివాలిక్ పొరల కాలనిర్ణయం మీద టాక్స్ 1982లో తన గురువు ఆప్‌డైక్‌తో కలిసి పత్రం ప్రచురించింది. పాతికేళ్ళ ముందు పుట్టి ఉంటే అంతే ప్రతిభతో ఆమె బహుశా ఎవరో తెచ్చిన రాళ్ళకు పట్టికలు రాస్తూ ఉండేది. లీసా టాక్స్ విజయం ప్రతిభ సిద్ధాంతాన్ని నిరూపించదు. తలుపు తీస్తే ఏం జరుగుతుందో నిరూపిస్తుంది.

ఇక మన సంగతి. భూవిజ్ఞాన శాస్త్రంలో అన్నిటికీ మూలం ఫీల్డ్‌వర్క్. కొండ ఎక్కాలి, నీళ్ళతో చల్లబరిచే డ్రిల్లుతో రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం గల కడ్డీల్లాంటి ముక్కలు తీయాలి, బయటికి తీయకముందే దాని దిశను గుర్తించాలి. దిశ తెలియని రాయి ఈ శాస్త్రానికి పనికిరాదు. అందుకే, రాయిని స్వయంగా తీయనివ్వకపోతే ఆ స్త్రీని శాస్త్రం నుంచి సగం బయటికి పంపినట్టే. ‘‘ఆడపిల్లను అడవుల్లోకి ఎలా పంపిస్తాం, బాధ్యత ఎవరిది, రాళ్ళ పని మీ వల్ల ఏమవుతుంది, ల్యాబ్ పని తీసుకోమ్మా’’ అనే ఆప్యాయమైన మాటలు మన విశ్వవిద్యాలయాల్లో చదివిన ఆడపిల్లలకు కొత్త కాదు.

రాళ్ళ పని ఆడవాళ్ళ వల్ల కాదట! ఈ మాట అనేవాళ్ళు ఊరి చివర కంకర క్వారీ ఎన్నడైనా చూశారా? వడ్డెర స్త్రీలు తరతరాలుగా రాళ్ళు కొట్టారు, మోశారు. మన రోడ్లకూ ఇళ్ళకూ పోసిన కంకరలో వాళ్ళ చెమట ఉంది. చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టి సుత్తి పట్టినప్పుడు ఎవరికీ వాళ్ళ సౌకుమార్యం గుర్తురాలేదు. కూలికి రాయి కొట్టేటప్పుడు అడ్డురాని శరీరం, జీతానికి రాయి చదవబోతే అడ్డొస్తోంది. అడ్డొచ్చేది శరీరం కాదన్నమాట. ఆ పనికున్న హోదా, అధికారం.

చట్టం కూడా ఈ రెండు నాల్కల ధోరణికి సాక్ష్యమే. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లోకి పోనివ్వలేదు. పేరు రక్షణ. ఫలితంగా గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలు మగవాళ్ళవయ్యాయి. భూమి పైన తక్కువ కూలి పనులు మాత్రం స్త్రీలకు మిగిలాయి. సాంకేతిక, పర్యవేక్షక పనులకు భూగర్భంలోకి స్త్రీలను అనుమతిస్తూ ఆ నిషేధాన్ని సడలించింది 2019లో. ఆ 67 ఏళ్ళలో ఎంతమంది ఆడపిల్లలు ఆ చదువు జోలికే పోలేదో లెక్క ఎవరు కడతారు? 1983–84లోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అంటార్కిటికా వెళ్ళి పరిశోధన చేసి వచ్చారు. మంచుఖండంలో పనికొచ్చిన స్త్రీ సింగరేణి బావిలోకి దిగడానికి ఇంకో 35 ఏళ్ళు పట్టింది.

ఫీల్డ్‌కు పంపితే సమస్య తీరిపోయిందనుకోవద్దు. అక్కడ గురువు చేతిలోనే జీపు, తిండి, డేరా, సిఫారసు ఉత్తరం అన్నీ ఉంటాయి. వివిధ శాస్త్రాల్లో ఫీల్డ్‌వర్క్ చేసిన 666 మంది జవాబుల ఆధారంగా 2014లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 64 శాతం మంది లైంగిక వేధింపు మాటలు ఎదుర్కొన్నామన్నారు. 20 శాతానికి పైగా లైంగిక దాడికి గురయ్యామన్నారు. స్త్రీలను వేధించినవాళ్ళు ఎక్కువగా వాళ్ళకు పైస్థాయిలో ఉన్నవాళ్ళే. 1990ల చివర అంటార్కిటికా ఫీల్డ్‌లో తనను వేధించాడని ఒక అమెరికన్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త తన గురువు మీద ఫిర్యాదు చేసింది 2016లో, తన ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక. బోస్టన్ విశ్వవిద్యాలయం అతన్ని తొలగించింది 2019లో. అన్నేళ్ళు ఎందుకు ఊరుకుందని అడిగేవాళ్ళు ముందు ఇది చెప్పాలి: ఆమె కెరీర్ ఎవరి సంతకం మీద ఆధారపడి ఉంది?

మన 2013 చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్ళిన ప్రతి చోటూ, ప్రయాణించే వాహనంతో సహా, పనిస్థలమే. విశాఖ తీర్పు వచ్చింది 1997లో. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్న భంవరీదేవి మీద జరిగిన అత్యాచారం నుంచి పుట్టిన తీర్పు అది. ఒక గ్రామీణ కార్యకర్త చేసిన పోరాటం నుంచి వచ్చిన చట్టం కొండ మీది శాస్త్రవేత్తకు కూడా రక్షణ అవుతోంది. సైన్సుకూ మనకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకు ఇంతకన్నా ఏం చెప్పాలి?

వయసు సంగతి చూడండి. 1958 నుంచి ఇచ్చిన శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారానికి 45 ఏళ్ళ వయోపరిమితి పెట్టారు. పిల్లలు పుట్టడం, పెంచడం, అత్తమామల వైద్యం, భర్త బదిలీలు అన్నీ పడేది ఆ 45లోపే. 1991లో సుదీప్తా సేన్‌గుప్తా భూవిజ్ఞాన విభాగంలో ఆ పురస్కారం పొందారు. 2022 పురస్కారాల్లో అన్ని విభాగాల్లో కలిపి 12 మంది పేర్లు ప్రకటిస్తే పన్నెండూ మగపేర్లే. 1942లో పుట్టిన సి.ఎస్.ఐ.ఆర్.కు మొదటి మహిళా డైరెక్టర్ జనరల్‌గా కలైసెల్వి వచ్చింది 2022లో, 80 ఏళ్ళకు. ఇన్నేళ్ళూ దేశంలో ప్రతిభగల స్త్రీ పుట్టలేదనుకోవాలా?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. చదువు మధ్యలో ఆపిన స్త్రీల కోసం 2002–03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవును, గడువులో రెండేళ్ళ సడలింపును యు.జి.సి. 2016లో ఇచ్చింది. ఇవి పోరాడి తెచ్చుకున్నవే. కానీ ఆ పథకం ఇచ్చేది మూడేళ్ళ ప్రాజెక్టు. మూడేళ్ళయ్యాక ఉద్యోగం లేదు, సీనియారిటీ లేదు, పింఛను లేదు. ఇర్వింగ్‌కు దక్కిన రెండో అవకాశంలో పదేళ్ళ నిలకడ ఉంది. మన స్త్రీలకు దక్కే రెండో అవకాశానికి గడువు తేదీ ఉంది.

ఈ ‘మెరిట్’ మాట మనకు మరో చోట కూడా పరిచయమే. 1990లో మండల్ సిఫారసులకు వ్యతిరేకంగా వీధుల్లో వినిపించింది ఇదే. డాక్టరేట్ తప్పిన ఇర్వింగ్‌ను మెరిట్ లేనివాడని చరిత్ర అనలేదు, వ్యవస్థే అతన్ని గుర్తించలేదంది. సరైన మాటే. మరి ఎం.ఎస్సీ.లో ఒక పేపరు తప్పిన దళిత విద్యార్థిని గురించి, ఇంగ్లీషులో తడబడిన ఆదివాసీ అమ్మాయి గురించి అదే మాట ఎందుకు అనరు? రెండో అవకాశం కోసం అడుగుతున్న మనం అది పట్నంలోని పైకులాల స్త్రీల దగ్గరే ఆగిపోతే ఊరుకోకూడదు. రాళ్ళు కొట్టిన తల్లి కూతురు రాళ్ళను చదివే రోజు వస్తేనే తలుపు తెరిచినట్టు.

‘‘వరకట్నం, కూలి రేట్లు, సారా, నీళ్ళు – ఇన్ని పనుల మధ్య ఇదెందుకు?’’ అని మనలోనే కొందరు అడగవచ్చు. నీళ్ళ కోసమే అంటాను. ఊళ్ళో బోరు ఎక్కడ వెయ్యాలో చెప్పేది భూభౌతిక సర్వే. గనికి ఎక్కడ అనుమతి ఇవ్వవచ్చో, ఆనకట్ట కింద నేల ఎలాంటిదో, భూకంపం ముప్పు ఎంతో చెప్పేదీ ఈ శాస్త్రాలే. బిందెలు మోసేది స్త్రీలు, బోరు పాయింటు పెట్టేది మగవాళ్ళు. స్త్రీ శాస్త్రవేత్త రాగానే బోరు ఇంటి ముందుకొస్తుందని నేను చెప్పను. నేల గురించిన జ్ఞానం మొత్తం ఒకే జెండరు చేతిలో ఉన్నప్పుడు ఆ నేల మీద నడిచి నీళ్ళు మోసేవాళ్ళ ప్రశ్నలు సర్వే కాగితంలోకి ఎక్కవని మాత్రం చెబుతాను.

కాబట్టి మన కోర్కెల పత్రంలో ఇవి చేర్చుకోవాలి. ఉద్యోగాలకు, పురస్కారాలకు వయోపరిమితి లెక్కించేటప్పుడు పిల్లల, పెద్దల సంరక్షణకు పోయిన ఏళ్ళను తీసివేయాలి. తిరిగి వచ్చే స్త్రీలకు ప్రాజెక్టులతో సరిపెట్టకుండా పర్మనెంట్ ఉద్యోగాల్లో వాటా ఉండాలి, అందులో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలకు వాటా ఉండాలి. ఫీల్డ్‌కు పంపకపోవడం రక్షణ కాదు. మరుగుదొడ్డి, విడి బస, ఫిర్యాదు కమిటీ ఫోను నంబరు ఇచ్చి పంపడమే రక్షణ. కొలతలు తీసినవాళ్ళ పేరు, కాంట్రాక్టు టెక్నీషియన్ అయినా సరే, పత్రం మీద ఉండాలి.

ఇవి అడగడానికి మనం శాస్త్రవేత్తలం కానక్కర్లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మీ జిల్లాలోని విశ్వవిద్యాలయానికి, పరిశోధనా సంస్థకు ఒక దరఖాస్తు పెట్టండి. పర్మనెంట్ శాస్త్రవేత్తల్లో స్త్రీలు ఎంతమంది, కాంట్రాక్టులో ఎంతమంది, ఏ కులాల వారు? గత అయిదేళ్ళలో ఫీల్డ్‌కు పంపినవారిలో స్త్రీలు ఎందరు? 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఏటా ఇవ్వాల్సిన నివేదికలు ఏవి? జవాబు వచ్చినా వార్తే, రాకపోయినా వార్తే.

రాయి తాను చల్లారిన నాటి క్షేత్రం దిశను దాచుకుంటుంది. ఆ దిశ రాయి ఎంచుకున్నది కాదు. స్త్రీల చదువులు, ఉద్యోగాలు ఏ దిశలో గడ్డకట్టాయో చూసి ప్రతిభను కొలిచామనుకునేవాళ్ళు నిజానికి కొలుస్తున్నది చుట్టూ ఉన్న క్షేత్రాన్ని. రాళ్ళ విషయంలో ఈ తేడా తెలిసిన శాస్త్రవేత్తలకు మనుషుల విషయంలో తెలియకపోవడానికి కారణం లేదు. వచ్చే ఫిబ్రవరి 28న ‘‘ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు’’ అని వేదిక మీద ఎవరైనా అన్నప్పుడు, లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడుగుదాం: ‘‘మీ సంస్థలో పోయినేడు రెండో అవకాశం ఎవరెవరికి ఇచ్చారు?’’